మీ చెరువులో దిగినవి గూడబాతులే: గుర్తుపట్టడం, వాటి అలవాట్లు, చేపల లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఆకివీడు దగ్గర ఐదెకరాల చేపల చెరువు. పది పన్నెండు రోజులుగా పొద్దున్నే పది పదిహేను పెద్ద పక్షులు దిగుతున్నాయి. మాసిన బూడిద రంగు, పొడవాటి ముక్కు, ముక్కు కింద సంచి. ఒకటి మాత్రం మిగతావాటికన్నా పెద్దదిగా, బాగా తెల్లగా ఉంది. ఊళ్ళో కొందరు సైబీరియా పక్షులంటున్నారు, కొందరు రాజహంసలంటున్నారు. ఇవి ఏమిటి, రోజుకెంత చేప తింటాయి, తోలేయడం ఎలా? ఒక పక్షి నోరంతా తెరిచి మెడను ఆ సంచిలోంచి బయటికి తోసుకుంటోంది, అది జబ్బా?

ముందు జవాబులు చెప్పేస్తాను. అవి గూడబాతులు. ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అంటారు. సైబీరియాకీ వాటికీ ఏ సంబంధమూ లేదు, అవి మన దేశపు పక్షులే. ఒక్కో పక్షి రోజుకు కిలో అటూ ఇటూ చేప తింటుంది. ఆ మెడ తోసుకోవడం జబ్బు కాదు, మనం ఒళ్ళు విరుచుకోవడం లాంటిది. ఆ తెల్లటి ఒక్కదాని గురించి మాత్రం ఫోటో చూడకుండా చెప్పలేను, దాని సంగతి చివర్లో చెబుతాను.

పేరు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే గుర్తుపట్టే కిటుకు సగం పేరులోనే ఉంది. కాలవలోంచి చేలోకి నీళ్ళు తోడటానికి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు కట్టిన బుట్టను ఊపుతూ నీళ్ళు ఎత్తిపోసేవాళ్ళు. ఆ బుట్టే గూడ, ఆ పనిని గూడ వేయడం అనేవాళ్ళు. ఈ పక్షి ముక్కు కింది సంచి కూడా ఆ బుట్టలాగే నీళ్ళు ఎత్తుతుంది, అందుకే ఆ పేరు. ఇంజన్లు వచ్చాక ఆ బుట్ట కనపడటం మానేసింది గానీ పక్షికి పేరు మిగిలింది. కొన్నిచోట్ల గూడకొంగ అని కూడా అంటారు. కానీ ఇది కొంగల జాతీ కాదు, బాతుల జాతీ కాదు.

దగ్గర నుంచి చూసి నిర్ధారించుకునే గుర్తులు

అన్నిటికన్నా ముందు ముక్కు చూడండి. పై ముక్కు అంచు పొడవునా వరసగా నీలిరంగు కలిసిన నల్లటి చుక్కలుంటాయి, పెన్ను ఇంకు చిమ్మినట్టు. ముక్కు రంగు లేత గులాబీ. సంచి కూడా గులాబీ, ఊదా మధ్య రంగులో ఉండి, దాని మీద మాసిన మచ్చలుంటాయి. ముక్కు పొడవే సుమారు 28 నుంచి 35 సెం.మీ. ఉంటుంది, అంటే స్కూలు స్కేలంత. కొసన కిందికి వంగిన కొక్కెం ఉంటుంది. జారిపోయే చేపను పట్టుకునేది ఆ కొక్కెంతోనే.

ఒళ్ళు తెలుపు కాదు, బూడిద కలిసిన తెలుపు. మెడ వెనక భాగంలో ఈకలు నున్నగా పడుకుని ఉండవు, నూనె రాయని జుట్టులా చిందరవందరగా లేచి ఉంటాయి. గుడ్లు పెట్టే కాలంలో ఆ కుచ్చు ఇంకా పెరుగుతుంది, నడుము దగ్గర లేత గులాబీ ఛాయ వస్తుంది. కాళ్ళు ముదురు రంగులో, పొట్టిగా ఉంటాయి. నాలుగు వేళ్ళనూ కలిపి చర్మం ఉంటుంది. బాతుకైతే ముందు మూడు వేళ్ళకే ఉంటుంది. గట్టు బురదలో అడుగులు పడితే ఆ తేడా పట్టుకోవచ్చు.

సైజు విషయానికొస్తే కొక్కెం కొస నుంచి తోక కొస దాకా 125 నుంచి 150 సెం.మీ. వరకు, బరువు 4 నుంచి 6 కిలోల వరకు ఉంటుంది. చూడటానికి అంతకు రెట్టింపు బరువున్నట్టు కనిపిస్తుంది. చర్మం కింద గాలి సంచులుంటాయి, అందుకే నీళ్ళలో బెండులా తేలుతుంది. అదే కారణంగా మునిగి వేటాడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చేపల లెక్క దగ్గర పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. ఏడాది నిండని పిల్లల ముక్కు మీద చుక్కలుండవు. ఒళ్ళు కూడా గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. చుక్కలు కనపడలేదు కాబట్టి ఇది వేరే జాతి అని తేల్చేయడం కొత్తగా పక్షులు చూసేవాళ్ళు చేసే మొదటి తప్పు. పూర్తి పెద్ద పక్షి రంగులు రావడానికి మూడో ఏడు పడుతుంది. గుంపులో గోధుమ రంగువి ఉంటే వాటిని ఒంటరిగా చూడకుండా, పక్కనున్న పెద్దవాటితో కలిపి చూడండి.

ఎగురుతున్నప్పుడు

దూరంగా ఆకాశంలో పెద్ద పక్షి వెళుతుంటే మెడ చూడండి. గూడబాతు మెడను ఎస్ ఆకారంలో మడిచి, తలను భుజాల మీద పెట్టుకుని, బరువైన ముక్కును ఛాతీకి ఆనించినట్టుగా ఎగురుతుంది. ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్లకొంగ మెడ ముందుకు చాచి ఎగురుతాయి, కాళ్ళు వెనక వేలాడుతుంటాయి. రాజహంస అయితే మెడా కాళ్ళూ రెండూ సాగదీసిన కర్రలా ఉంటుంది, పైగా రెక్కల్లో ఎరుపు. మీ ఊళ్ళో రాజహంస అన్నవాళ్ళకు ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు. నారాయణ పక్షి కూడా మెడ మడిచే ఎగురుతుంది గానీ, దాని కాళ్ళు తోక దాటి బాగా బయటికి కనిపిస్తాయి. గూడబాతు పొట్టికాళ్ళు అలా కనపడవు.

గుంపుగా వెళ్ళేటప్పుడు ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి. ముందున్నది నాలుగైదుసార్లు రెక్కలాడించి ఆపి జారుతుంది, ఆ వెంటనే రెండోది, తర్వాత మూడోది. వరస పొడవునా అల పాకినట్టు ఉంటుంది. ఎండ ఎక్కాక, తొమ్మిది పది గంటల తర్వాత, నేల నుంచి వేడిగాలి పైకి లేస్తుంది. దాని మీద గుండ్రంగా తిరుగుతూ రెక్క కదపకుండా చుక్కంత అయ్యేదాకా పైకి పోతాయి, అక్కణ్ణుంచి కావలసిన చెరువు వైపు జారతాయి. దూర ప్రయాణాలు ఇలా చేస్తాయి కాబట్టి గూడు ఉన్న ఊరొకటి, మేత మేసే ఊరొకటి కావడం మామూలే. మీ చెరువులో పొద్దున్నే, ఎండ రాకముందే దిగుతున్నాయంటే అవి పడుకునే చోటు దగ్గర్లోనే ఉందని అర్థం. ఆకివీడు అంటున్నారు కాబట్టి కొల్లేరు వైపు నుంచి వస్తూ ఉండొచ్చు.

దేనితో పొరబడతారు

మన దేశంలో పెలికాన్లు మూడు రకాలు. రెండోది గ్రేట్ వైట్ పెలికాన్, దీన్ని రోజీ పెలికాన్ అని కూడా అంటారు. ఇది గూడబాతు కన్నా బాగా పెద్దది, మగది పది కిలోలు దాటుతుంది. ఒళ్ళు శుభ్రమైన తెలుపు, సంచి పసుపు, కాళ్ళు లేత రంగు. ఎగిరినప్పుడు రెక్కల అంచు ఈకలు కారునలుపు, మిగతాదంతా తెలుపు, ఆ రెండూ గీత గీసినట్టు విడిపోతాయి. గూడబాతు రెక్క కింద అంత తేడా ఉండదు, మాసిన బూడిద గోధుమ రంగే ఉంటుంది. గ్రేట్ వైట్ మన దేశంలో కచ్ రణ్‌లో గుడ్లు పెట్టినట్టు దాఖలా ఉంది. మన వైపు చలికాలంలో అరుదుగా కనిపిస్తుంది. మూడోది డాల్మేషియన్ పెలికాన్. అది గుజరాత్, రాజస్థాన్ వైపు చలికాలపు అతిథి. ఆంధ్రాలో దాన్ని చూశామని ఎవరైనా అంటే మంచి ఫోటో లేకుండా నేను నమ్మను.

ఈ మూడింటిలో పిల్లల్ని విడదీయాలంటే రంగును నమ్ముకోవద్దు. నుదురు చూడండి. గ్రేట్ వైట్‌కు నుదుటి ఈకలు ముక్కు మీదికి బాణం మొనలా సన్నగా దిగుతాయి, కంటి చుట్టూ ఈకల్లేని చర్మం చాలా వెడల్పు. గూడబాతుకు ఈకలు ముక్కును వెడల్పుగా, అడ్డంగా కలుస్తాయి, కంటి చుట్టూ బోసి చర్మం తక్కువ. ఈ తేడా వయసుతో మారదు, అందుకే ఇది గట్టి గుర్తు.

సైబీరియా మాట ఎక్కడిది

ఇది పత్రికల్లో ఏటా వచ్చే తప్పు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి సెప్టెంబరు, అక్టోబరుల్లో పక్షులు వస్తాయి, వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. వచ్చి వెళ్ళేవి కాబట్టి విదేశీ అతిథులని రాసేస్తారు. నిజానికి గూడబాతు ఇప్పుడు గుడ్లు పెట్టేది ప్రధానంగా మన దేశం, శ్రీలంక, కంబోడియాల్లోనే. దాని శాస్త్రీయ నామంలో ఫిలిప్పీన్స్ ఉంది. అక్కణ్ణుంచి తెచ్చిన నమూనాను బట్టి 1789లో ఆ పేరు పెట్టారు. ఆ ఫిలిప్పీన్స్‌లో ఈ పక్షి ఇప్పుడు పూర్తిగా లేకుండా పోయింది. మన దగ్గర అవి చేసేది వలస కాదు, నీళ్ళను బట్టి తిరగడం. ఒకచోట చెరువు ఎండితే ఇంకోచోటికి పోతాయి.

ఈ తేడాను అంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. పక్షి సైబీరియాది అనుకుంటే దాని ఇల్లు అక్కడెక్కడో ఉంది, మన దగ్గర చెట్టు కొట్టినా పోయేదేం లేదు అనిపిస్తుంది. అసలు ఇల్లు మన ఊరి చింతచెట్టు. కొల్లేరులో 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రవేత్త ఒక గూళ్ళ కాలనీ కనుక్కున్నారు. అప్పట్లో అక్కడ దాదాపు మూడువేల గూడబాతులు గూళ్ళు పెట్టేవి. 1975 వచ్చేసరికి ఆ కాలనీ మాయమైంది. కడప జిల్లా బుచ్చుపల్లెలో 1902లో ఎర్రకాళ్ళ కొంగలతో కలిసి గూడబాతులు గూళ్ళు పెట్టిన చోటు ఒకటి నమోదైంది, ఆ తర్వాత దాని జాడ ఎవరికీ దొరకలేదు. గూడు పెట్టే చెట్లు పోవడం, లోతు తక్కువ నీళ్ళు పోవడం, గూళ్ళ దగ్గర మనుషుల అలజడి, ఈ మూడూ కలిస్తే కాలనీ ఉన్నపళంగా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు చూడదలచుకుంటే నాలుగు చోట్లు చెబుతాను. కైకలూరు దగ్గర ఆటపాకలో, చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతింది, వాటి మీద గూళ్ళు పెడుతున్నాయి. మీకు దగ్గర ఇదే. గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఊరి చెరువు మధ్య సర్కారు తుమ్మల మీద ఉంటాయి, గట్టు మీద నుంచే కనిపిస్తాయి. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులో నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్ల మీద పెడతాయి. అక్కడ ఈశాన్య రుతుపవనాల వానలతో చెరువు నిండితేనే కథ మొదలు, అందుకే అక్టోబరు నుంచి మార్చి దాకా కాలం. రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువని అక్కడి రైతులు ఆ పక్షులను అలజడి పెట్టరు. నాలుగోది తేలినీలాపురం. హైదరాబాదు వాళ్ళకైతే అమీన్‌పూర్ చెరువులో మేత మేసేవి కనిపిస్తాయి.

గూడు, పిల్లలు

ఒక్క చెట్టు మీద పది గూళ్ళున్నా తగువు ఉండదు, ఎర్రకాళ్ళ కొంగలతో కూడా సర్దుకుంటాయి. మగది పుల్లలు తెస్తుంది, ఆడది పేరుస్తుంది. పక్క గూటిలో పుల్ల దొంగిలించడం మామూలే. గుడ్లు మూడు, నాలుగు, సున్నం పూసినట్టు తెల్లగా ఉండి తర్వాత మురికి పడతాయి. పొదగడానికి చాలా పక్షుల్లా పొట్ట కింద బోసి చర్మం వీటికి ఉండదు, పాదాల చర్మంతో గుడ్లను కప్పి వెచ్చబెడతాయి. 30 నుంచి 33 రోజులకు పిల్లలవుతాయి. పుట్టినప్పుడు ఒంటిమీద నూగు కూడా ఉండదు, తర్వాత తెల్లటి నూగు వస్తుంది. గూటి దగ్గర మూడు నుంచి ఐదు నెలల దాకా ఉంటాయి. పిల్ల తల్లి గొంతులోకి తల దూర్చి సగం అరిగిన చేప తింటుంది. పెద్ద పక్షులు దాదాపు మూగవి, కాలనీలో మీకు వినపడే గోలంతా పిల్లలదే.

ఈ కాలంలో చెట్టు కిందికి వెళ్ళొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. పెద్దది భయపడి లేచిందంటే రెండు జరుగుతాయి. కాకి గుడ్డు తీసుకుపోతుంది, లేదా ఎండకు పిల్ల మాడిపోతుంది. పగలంతా తల్లి రెక్క నీడే ఆ పిల్లకు కప్పు. పైగా భయపడిన పిల్ల తిన్న చేపంతా కక్కేస్తుంది, మళ్ళీ ఆ మేత సంపాదించడానికి పెద్దది ఇంకో చెరువు చుట్టి రావాలి.

ఇక చేప ఎలా పడుతుంది

సంచిలో చేపలు దాచుకుని తీసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. కాదు. సంచి వల మాత్రమే, బుట్ట కాదు. తల నీళ్ళలో ముంచినప్పుడు కింది దవడ రెండు పక్కలకూ విల్లులా వంగుతుంది, సంచి తెరుచుకుని నీళ్ళూ చేపా కలిపి లోపలికి వస్తాయి. తర్వాత ముక్కును ఛాతీకి ఆనించి నొక్కుతుంది, నీళ్ళు పక్కల నుంచి కారిపోతాయి. చివరికి ముక్కు పైకెత్తి మింగుతుంది. ఆ నీళ్ళన్నీ ఉంచుకుని ఎగరాలంటే దానివల్ల కాదు. పిల్లలకు తీసుకెళ్ళేది కడుపులోనే.

మీరు చూసిన మెడ తోసుకోవడం ఈ సంచి సంరక్షణలో భాగం. నోరు పూర్తిగా తెరిచి, సంచిని మెడ మీదికి వెనక్కి లాగుతుంది. ఎముక బయటికి పొడుచుకొచ్చినట్టు భయంకరంగా కనిపిస్తుంది గానీ కొన్ని క్షణాల్లో మామూలవుతుంది. ఎండలో నోరు కాస్త తెరిచి సంచిని గబగబా ఆడించడం ఇంకోటి, అది ఒంటి వేడి తగ్గించుకోవడానికి. వీటికి ఆందోళన పడక్కర్లేదు. ఆందోళన పడాల్సినవి వేరు: తల నిలపలేకపోవడం, రెక్క జారవిడవడం, మనిషి పది అడుగుల దగ్గరికి వచ్చినా కదలకపోవడం, ముక్కు లోపలి భాగం పాలిపోవడం. ఇవి కనిపిస్తే జబ్బు.

మునగలేదు కాబట్టి దానికి అందేది పైపొరే. తల, మెడ ముంచితే అందినంత లోతు, మీటరు లోపు. ఒంటరిగానో చిన్న గుంపుగానో ఈదుతూ మేస్తుంది. కొన్నిసార్లు వరస కట్టి చేపలను గట్టు వైపు తోలుకొస్తాయి. నీటికాకులు మునిగి కింద నుంచి చేపను లేపితే పైన గూడబాతులు కాచుకుని ఉంటాయి. ఆ రెండూ కలిసి దిగాయంటే నష్టం ఎక్కువ, ఆ గుంపులో సింహభాగం చేసేది మాత్రం నీటికాకే. నల్లగా చిన్నగా ఉండటంతో రైతు కంటికి ఆనదు, కోపమంతా పెద్ద పక్షి మీద పడుతుంది.

మీ చెరువు లెక్క

పదిహేను పక్షులు, ఒక్కోటి రోజుకు కిలో చొప్పున, ముప్పై రోజులు మీ చెరువులోనే కడుపు నింపుకుంటే 450 కిలోలు. ఇది పైగీత. అసలు లెక్క ఎప్పుడూ దీనికన్నా తక్కువే, ఎందుకంటే అవి ఒక్క చెరువుకు కట్టుబడి ఉండవు, కాలవలో పరిగెలూ, గుంటల్లో తిలాపియా కూడా తింటాయి. అర కిలో దాటిన శీలావతి, బొచ్చె జోలికి పెద్దగా పోవు, మింగడం కష్టం, పైగా రెండు మీటర్ల నీళ్ళుంటే ఆ చేప కిందికి జారిపోతుంది. నష్టం నిజంగా ఉండేది మూడు సందర్భాల్లో: చేపపిల్లలు పెంచే చిన్న చెరువులో (నర్సరీలో), కొత్తగా చిన్న సైజు చేపపిల్ల వదిలిన వారం పదిరోజుల్లో, పట్టుబడికి నీళ్ళు తీసేసినప్పుడు.

నాలుగోది ఇంకోటి ఉంది, దీన్ని రైతులు తిరగేసి చదువుతారు. ఎప్పుడూ రాని పక్షులు హఠాత్తుగా తెల్లవారుజామున గుంపుగా వచ్చాయంటే, చేప పైకి తేలుతోందేమో ముందు చూసుకోండి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. చేప తల పైకెత్తి గాలి కోసం నోరు కొట్టుకుంటుంది. గూడబాతుకు అది వడ్డించిన విస్తరి. పేను పట్టినా, చేప నీరసించినా అంతే. పక్షిని తోలేముందు నీళ్ళు చూడండి. పొద్దున 5 నుంచి 6 మధ్య చెరువు గాలివాలు మూల దగ్గర నిలబడితే తెలిసిపోతుంది. చేప నోరు కొట్టుకుంటుంటే ఏరేటర్లు వేసి, ఆ రోజు మేత ఆపి, కొత్త నీరు పెట్టండి. పక్షుల సంఖ్య వాటంతటవే తగ్గడం రెండు మూడు రోజుల్లో చూస్తారు.

తోలడం: పనిచేసేవి, చేయనివి

గూడబాతు బరువు పక్షి. లేవాలంటే రెండు కాళ్ళతో ఒకేసారి నీటిని తన్నుతూ కొంతదూరం పరుగెత్తాలి, దిగడానికీ పొడవాటి జాగా కావాలి. ఆ జాగా లేకుండా చేస్తే చాలు, వల కప్పనక్కర్లేదు. నర్సరీ చెరువు ఎకరం ఉందనుకోండి, సుమారు 64 మీటర్లకు 64 మీటర్లు. నీటికి మీటరు, మీటరున్నర ఎత్తులో, నాలుగేసి మీటర్ల దూరంలో తాళ్ళు లాగితే 16 వరసలు, వెయ్యి మీటర్ల పైచిలుకు తాడు. మధ్యలో సాగిపోకుండా 20 మీటర్లకొక సరుగుడు కర్ర. ఒక చివర జారుముడి వేయండి, వల లాగేరోజు విప్పుకోవచ్చు.

తాడు లావుగా, రంగుగా ఉండాలి. గేలానికి వాడే సన్నటి ప్లాస్టిక్ దారం కట్టడం పెద్ద తప్పు. పక్షికి కనపడదు, ఆనక రెక్క తెగి నీళ్ళలో కొట్టుకుంటుంది. అప్పుడది చట్టం దృష్టిలో మీ మెడకు చుట్టుకుంటుంది. తాడుకు ప్రతి రెండు మీటర్లకూ ఎరువు సంచి పీలిక ఒకటి కట్టండి. నీటికాకికి మాత్రం ఈ తాళ్ళు ఆనవు, దానికి వల కప్పడమే మార్గం.

మీ ఐదెకరాల పెద్ద చెరువుకు ఇదంతా ఖర్చు దండగ. పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 4 తర్వాత గట్టు మీద మనిషి తిరిగితే చాలు. ఎక్కువగా మేసేది ఆ వేళల్లోనే. దిగుతున్నప్పుడే అదిలించాలి, దిగి మేయడం మొదలయ్యాక అదిలిస్తే చెరువు అవతలి మూలకు జరుగుతాయి అంతే. దిష్టిబొమ్మ మూడు రోజులు పనిచేస్తుంది, నాలుగోరోజు దాని పక్కనే మేస్తాయి. స్థలం మార్చుతూ ఉంటే ఇంకో వారం లాగుతుంది. టపాసులు కూడా అంతే, పైగా పక్క చెరువువాడితో గొడవ.

చేపలో గుళికల మందు పెట్టడం, వల వేసి పట్టడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరాలు. కొల్లేరు అభయారణ్యం హద్దుల దగ్గర అటవీశాఖ నిఘా కూడా ఉంటుంది. మందు సంగతి చట్టం పక్కన పెట్టినా, అది మీ చెరువు నీళ్ళలోకే వస్తుంది.

చచ్చిన, జబ్బుపడిన పక్షి కనిపిస్తే

2021 డిసెంబరు, 2022 జనవరి రోజుల్లో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. పోస్టుమార్టంలో కడుపు నిండా పురుగులు కనిపించాయి. ఆ పురుగు గుడ్లు పక్షి రెట్టతో నీళ్ళలో పడతాయి. నీటిలోని సన్నటి పురుగులు వాటిని తింటాయి, ఆ పురుగుల్ని చేప తింటుంది, చేపను పక్షి తింటుంది. ఒకే చెరువులో పక్షులూ చేపలూ కిక్కిరిసినచోట ఆ చక్రం గట్టిగా తిరుగుతుంది. ఒకే వారంలో రెండు మూడు పక్షులు చచ్చిపడితే కారణం పురుగో, బర్డ్ ఫ్లూనో మీరు కనిపెట్టలేరు. ముట్టుకోకుండా, కుక్కల్ని దగ్గరికి రానివ్వకుండా, అటవీశాఖకూ పశువైద్యుడికీ చెప్పండి. నీళ్ళలోకి విసిరేయొద్దు.

బతికున్న ఒక్క పక్షి, రెక్క దెబ్బతిని గట్టు మీద పడి ఉంటే, పెద్ద తువ్వాలు వెనక నుంచి కప్పి, ముందు ముక్కు పట్టుకోండి, తర్వాత రెక్కలు మడిచి చంకలోకి తీసుకోండి. ముక్కు కొక్కెం మీ కంటి వైపు రానివ్వకండి. ముక్కును పూర్తిగా మూసి కట్టేయొద్దు. చాలా పక్షులకు ముక్కు రంధ్రాలుంటాయి, గూడబాతుకు అవి మూసుకుపోయి ఉంటాయి, నోటితోనే ఊపిరి తీస్తుంది. రబ్బరు బ్యాండు బిగించి అట్టపెట్టెలో పెడితే ఊపిరాడక చచ్చిపోతుంది. రెండు దవడల మధ్య ఒక వేలు ఉంచి పట్టుకోవాలి. ఛాతీ నొక్కొద్దు, నోట్లో నీళ్ళు పోయొద్దు, చేప కుక్కొద్దు. గాలాడే పెద్ద బుట్టలో నీడన పెట్టి అటవీశాఖకు కబురు చేయండి.

ఇక ఆ తెల్లటి ఒక్క పక్షి. మిగతావాటికన్నా స్పష్టంగా పెద్దదైతే, సంచి పసుపుగా ఉంటే అది గ్రేట్ వైట్ పెలికాన్ కావచ్చు, మీ వైపు అది రాసి పెట్టుకోవాల్సిన సంగతే. ఎండ నేరుగా పడే పొద్దున వేళ, మాసిన గూడబాతు కూడా తెల్లగా మెరుస్తుంది కాబట్టి తొందరపడొద్దు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడి మూడు ఫోటోలు తీయండి: తల పక్క నుంచి, నుదురూ కన్నూ కనపడేలా ఒకటి, రెక్కలు విప్పి ఎగిరేటప్పుడు కింద నుంచి ఒకటి, మామూలు గూడబాతు పక్కన నిలబడినప్పుడు సైజు తేడా తెలిసేలా ఒకటి. ఫోను అయితే జూమ్ మరీ లాగకండి, దూరంగా తీసి తర్వాత కత్తిరించినా నుదుటి గీత కనపడుతుంది. తేదీ, సమయం, మొత్తం ఎన్ని పక్షులో కూడా రాసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.